అడగని ప్రమాణం

సిబిల్లా హౌక్ కాగులో నీళ్లలోంచి చూపుడువేలు చప్పున లాగింది. మళ్లీ ఒకసారి లాగింది. మూడోసారి పెట్టబోయి, పెట్టలేక, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చాలు, మంట తగ్గించండి. ఇంకా కాగితే బొచ్చు ఊడదు సరికదా, తోలుకి పట్టేస్తుంది."

అప్పొలోనియా లాండెస్ గుప్పెడు బూడిద తెచ్చి నీళ్లలో చల్లింది. ఆమె కూతురు ఫ్రోనీ మండే మొద్దుల్ని కర్రతో పక్కకి నెట్టింది. గడ్డి మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. కోతపని చేసే ముసలాయన తెల్లవారుతూనే వచ్చి, మూడు పందుల్నీ కోసి, ఇంకా రెండిళ్లు చూసుకోవాలంటూ గంజి కూడా తాగకుండా వెళ్లిపోయాడు. కుర్రాళ్లంతా సైన్యంలో ఉన్నారు. ఎర్లెన్ వాగుకి ఈవల కత్తి పట్టేవాడు ఆయనొక్కడే మిగిలాడు.

ముగ్గురూ కలిసి మొదటి పందిని తొట్లోకి దొర్లించి వేడినీళ్లు పోశారు. తడిసిన బొచ్చు వాసన గుప్పున లేచింది. సిబిల్లా, అప్పొలోనియా చెరోవైపూ మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టారు. పదహారేళ్లుగా నవంబరులో ఒకరోజు ఈ ఇంట్లో, ఒకరోజు ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఇలాగే ఎదురెదురుగా కూర్చుంటున్నారు. ఎవరి చెయ్యి ఎటు కదులుతుందో రెండోవాళ్లకి చెప్పక్కర్లేదు.

"ఉప్పు చేతికి రాకుండా కోశామేమోనని గుండె కొట్టుకుంటోంది సిబిల్లా" అంది అప్పొలోనియా.

"రాకపోవడమేంటి? నిన్న సాయంత్రం బండి వచ్చింది. నాలుగు పీపాలు. మా ఆయన కొట్టులోనే దింపారు. రేపట్నించి కొలిచిస్తారు. అందుకే కదా పరిగెత్తుకొచ్చి చెప్పాను, చలి ఉండగానే కోసెయ్యమని."

"మాక్కూడా ఇస్తారంటావా?"

"ఇంటింటికీ అన్నారు. నీదేమన్నా ఇల్లు కాక గుహా?"

అప్పొలోనియా నవ్వలేదు. ఫిలడెల్ఫియా ఇంగ్లండు రాజు సైన్యం చేతిలో పడి ఆరు వారాలైంది. అప్పట్నించి ఓడల ఉప్పు మాటే లేదు. ఈ నాలుగు పీపాలూ జెర్సీ ఒడ్డున సముద్రపు నీళ్లు కాచి తీసినవి. శత్రువుల కళ్లుగప్పి, కొండదారుల్లో పదకొండు రోజులు తిరిగి వచ్చాయి.

"ఉల్‌రిఖ్ ఎలా ఉన్నాడు?" అని అడిగింది సిబిల్లా కాసేపాగి.

"ఆదివారం వెళ్లి చూశాం. దగ్గుతున్నాడు. జైల్లో గడ్డి తడిసిపోయి ఉందట."

ఉల్‌రిఖ్ లాండెస్, రాజుని కాదని ఏర్పడిన కొత్త ప్రభుత్వానికి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చెయ్యలేదు. చెయ్యనివాడు కౌంటీ సరిహద్దు దాటకూడదు. వాళ్లు ఎప్పుడూ గోధుమలు ఆడించుకునే మర వాగుకి అవతలుంది, సరిహద్దు వాగు మధ్యలో ఉంది. అక్టోబరులో మూడు బస్తాలతో వంతెన దాటుతుంటే పట్టుకున్నారు.

"ఆ ఒక్క మాటా అనేస్తే ఈపాటికి ఇంట్లో మంట ముందు కూర్చునేవాడు." అనకూడదనుకుంటూనే అనేసింది సిబిల్లా. ఆమె కొడుకు యోస్ట్ వైట్‌మార్ష్ గుట్టల మీద కొత్త ప్రభుత్వపు సైన్యం గుడారంలో ఉన్నాడు. పోయిన ఉత్తరంలో మేజోళ్లు పంపమని తప్ప ఇంకేమీ రాయలేదు.

"అనగలిగితే అనేవాడే" అంది అప్పొలోనియా నెమ్మదిగా. "ఒట్టు పెట్టుకోవడం మా మతంలో లేదు. మీ పక్షాన నిలబడి తుపాకీ పడతానని మాటిచ్చి, రేపు పట్టకపోతే? అప్పుడు అబద్ధాలకోరు అవుతాడు. ఇప్పుడు ఖైదీ, అంతేగా."

సిబిల్లాకి చిరాకేసింది. అందరూ ఇలా అనుకుంటే యోస్ట్ పక్కన ఎవరు నిలబడతారు? కానీ పంది చెవి వెనక బొచ్చు ఇంకా మిగిలే ఉంది. మాట మింగి గీకుడులో పడింది.

మధ్యాహ్నానికి మూడు పందులూ తెల్లగా, తలకిందులుగా దూలానికి వేలాడుతున్నాయి. పేగులు కడిగారు, కొవ్వు కాచడానికి తీశారు. రాత్రంతా చలికి మాంసం బిగుసుకుంటే పొద్దున్న ముక్కలు కోసి ఉప్పు పట్టించడమే మిగిలింది. సిబిల్లా గుమ్మం దాటుతూ ఆకాశం వైపు చూసింది. దక్షిణం నుంచి మెత్తటి గాలి వీస్తోంది. మధ్యాహ్నం కదా, అనుకుంది.

*

మాథెస్ హౌక్ పీపాలు కట్టేవాడు. పలకల్ని వంచి ఇనపపట్టీలు బిగించే చేతులు కనక చేతికర్రలా గట్టిగా ఉంటాయి. మాట కూడా అంతే. జులై నుంచి ఊరి కమిటీకి పెద్ద అతనే. ఆ సాయంత్రం కొట్టులో కమిటీ కూర్చుని లేచాక, చేతులు కడుక్కుని బల్ల దగ్గరికొచ్చాడు.

"నలభై ఒక్క ఇళ్లు" అన్నాడు రొట్టె విరుస్తూ. "ఇంటికి కుంచం. రెండు రోజులు పడుతుంది. అడుగున ఉన్న పీపా చెమ్మెక్కింది, ఆరబెట్టాలి."

"నలభై ఏడు కదా ఇళ్లు?"

"ప్రమాణం చేసినవి నలభై ఒకటి."

సిబిల్లా గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. "లాండెస్ వాళ్లకి?"

"ఆరిళ్లకీ లేదు. అందరం కలిసి అనుకున్నది. ఉప్పు తెచ్చిన బండివాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెచ్చాడు. ఏ పక్షమూ కాదని ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఎలా పెడతాం?"

"మాథెస్, వాళ్లు పందులు కోసేశారు. ఇవాళే. నేను వెళ్లి బొచ్చు గీకి వచ్చాను."

"అంత తొందరేమొచ్చింది వాళ్లకి?"

"నేను తొందరపెట్టాను. ఇంటింటికీ ఇస్తారని నేనే చెప్పాను."

మాథెస్ నమలడం ఆపాడు. "నిన్నెవరు చెప్పమన్నారు?"

"నువ్వే అన్నావు నిన్న, ఇంటింటికీ అని."

"నిన్నటికి కమిటీ కూర్చోలేదు." అతను గొంతు తగ్గించాడు. "చూడు, పై ఊళ్లో ఒకడు ఇలాంటివాళ్లకి గుర్రం అరువిచ్చాడని కొట్టం తగలబెట్టారు. ఆ మనుషులెవరో నాకూ తెలుసు, నీకూ తెలుసు. కమిటీ పెద్ద పెళ్లాం రాజు పక్షం వాళ్లని వెనకేసుకొస్తోందని ఒక్కడంటే చాలు."

"అప్పొలోనియా రాజు పక్షమా? ఆవిడకి రాజు ముక్కు ఎలా ఉంటుందో కూడా తెలీదు."

"ఉల్‌రిఖ్‌కి తెలుసు కదా ప్రమాణమంటే ఏంటో. తిను, చల్లారిపోతోంది."

ఆమె తినలేదు. తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. గాలి ఇంకా దక్షిణం నుంచే వస్తోంది. పగటికన్నా వెచ్చగా ఉంది.

*

గురువారం పొద్దున్నకి గడ్డి మీద మంచు లేదు, నీళ్లున్నాయి. కొట్టు ముందు ఆడవాళ్లు సంచులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మగవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు, అంతా ముసలివాళ్లు. బడిపంతులు ఐఖొల్ట్స్ జాబితా పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. సిబిల్లా పీపాలోంచి ఉప్పు తీసి, కుంచం నింపి, పైన పొంగినదాన్ని కర్రతో తోసి తలకొట్టి సంచిలో వంచుతోంది. బూడిదరంగులో, ముద్దగా, చేపల వాసనేస్తున్న ఉప్పు. అయినా జనం దాన్ని చూసే చూపు వేరుగా ఉంది. ఒకావిడ నేల మీద పడ్డ రవ్వల్ని తడివేలితో అద్దుకుని నాకింది.

అప్పొలోనియా వరసలో పదమూడోదో పద్నాలుగోదో. చేతిలో ఉతికిన గోనెసంచి, నాలుగు మడతలు పెట్టింది. సిబిల్లా ఆమె వైపు చూడకుండా కొలిచింది. పొద్దున్నే వెళ్లి చెప్పి ఉండాల్సింది. వెళ్లలేదు.

అప్పొలోనియా బల్ల ముందుకొచ్చి నిలబడింది. పంతులు జాబితాలో వేలు పైనుంచి కిందకి దించి, కింద నుంచి పైకి ఎక్కించి, మాథెస్ మొహంలోకి చూశాడు.

"నీ పేరు లేదమ్మా" అన్నాడు మాథెస్. కసిరినట్టు కాదు, మర్యాదగానే అన్నాడు. "ప్రమాణం చేసిన ఇళ్లకే."

"మూడు పందులు వేలాడుతున్నాయి మాథెస్. నిన్న కోశాం." ఆమె సిబిల్లా వైపు చూడలేదు. చూస్తే బాగుండునని సిబిల్లాకి అనిపించింది.

"నేనొక్కణ్ణీ అనుకున్నది కాదు."

"ఐదుగురు పిల్లలు."

వరసలో వెనకనుంచి ఒట్టిలియా ట్రాక్సెల్ గొంతు లేచింది. "పిల్లలు నీకే ఉన్నారా? నాకూ ఉన్నాడొకడు. బ్రాండీవైన్ వాగు దగ్గర ఏ గోతిలో ఉన్నాడో తీసుకెళ్లి చూపించమను మీ ఆయన్ని! మీ చేతులకి మట్టంటకూడదు, మీ నోటికి ఒట్టంటకూడదు. ఉప్పు మాత్రం కావాలి!"

ఒట్టిలియా భర్త ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కొడుకు పేటర్ సెప్టెంబరు యుద్ధంలో పోయాడు. ఆమె ముందు నోరెత్తే ధైర్యం ఆ వాకిట్లో ఎవరికీ లేదు. అప్పొలోనియా సంచిని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి, చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. సిబిల్లా కుంచం నింపింది. తలకొట్టేటప్పుడు కర్ర జారి ఉప్పు బల్ల మీద పడింది.

"చెయ్యి చూసుకో" అన్నాడు మాథెస్.

మధ్యాహ్నానికి మూడు పీపాలు ఖాళీ అయ్యాయి. చెమ్మెక్కిన పీపాలోది తీసి చెక్కల మీద ఆరబోశారు. మిగిలిన పదకొండిళ్లనీ రేపు రమ్మన్నారు. హౌక్ ఇల్లు, ట్రాక్సెల్ ఇల్లు కూడా అందులోనే ఉన్నాయి.

*

ఇంట్లో అడుగున మిగిలిన పాత ఉప్పుని చిన్న జాడీలో వేసుకుని సిబిల్లా కంచె దాటి వెళ్లింది. లాండెస్ వాళ్ల పొగగదిలో పారల చప్పుడు వినిపిస్తోంది. మాంసానికి పొగపెట్టే ఆ చిన్న గదిలో అప్పొలోనియా, ఫ్రోనీ నేలని తవ్వుతున్నారు. ఏళ్ల తరబడి మాంసం నుంచి కారిన ఉప్పునీరు తాగిన మట్టి. గడ్డి పరిచిన తొట్టిలో ఆ మట్టి వేసి, నీళ్లు పోసి, అడుగునుంచి కారిన గోధుమరంగు నీళ్లని బాణలిలో కాస్తున్నారు. బాణలి అంచున మురికి పొరలా ఏదో అంటుకుంది.

"నాకి చూడు" అంది అప్పొలోనియా వేలికి అంటించి. "ఉప్పగానే ఉంది. మసి రుచి ఎక్కువ."

"రోజంతా కాస్తే ఎంతొస్తుంది?"

"దోసెడు. ఒక ముందుకాలి జబ్బకి చాలదు." ఆమె జాడీ చూసింది. వద్దంటుందేమోనని సిబిల్లా భయపడింది. అప్పొలోనియా అనలేదు. జాడీ తీసుకుని మూత తీసి, లోపలికి చూసి, "ఒక తొడకి వస్తుంది. మంచిది" అంది.

ఆ మంచిది అన్న మాటే సిబిల్లా తట్టుకోలేకపోయింది. "నేను నిజంగా ఇస్తారనే అనుకున్నాను అప్పొలోనియా. కావాలని చెప్పలేదు."

"తెలుసు."

ఇద్దరూ కొట్టంలోకి వెళ్లారు. కోసిన మాంసం ముక్కలు నీడన చెక్క మీద పరిచి ఉన్నాయి. ఒక ఈగ తిరుగుతోంది. నవంబరులో ఈగ. అప్పొలోనియా సన్నటి ఎముక పుల్లని వెనక తొడలో కీలు దగ్గర గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. సిబిల్లాకి అందించింది. ఇంకా తియ్యటి పచ్చి వాసనే. రేపు మధ్యాహ్నానికి అలా ఉండదు. పైకి బాగానే కనిపిస్తూ లోపల ఎముక చుట్టూ పులుస్తుంది. ఇద్దరికీ తెలుసు.

"పోనీ నువ్వు చెయ్యి ప్రమాణం" అంది సిబిల్లా ఉండబట్టలేక. "తుపాకీ పట్టమని నిన్నెవరూ అడగరు. నోటితో రెండు మాటలు. పిల్లల కోసం."

అప్పొలోనియా పుల్లని పావడాకి తుడుచుకుంది. "అది తప్పే నాకు. కానీ అడిగితే కదా ఆ గొడవ? జులైలో కమిటీవాళ్లు మా ఇంటికొచ్చారు, మీ ఆయన కూడా ఉన్నాడు. ఉల్‌రిఖ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి మూడుసార్లు అడిగారు. నేను పక్కనే నిలబడి వెన్న చిలుకుతున్నాను. ఒక్కడు కూడా నా వైపు తిరగలేదు. వెళ్లేటప్పుడు మజ్జిగ మాత్రం అడిగారు."

*

సిబిల్లా ఇంటికి వెళ్లలేదు. నేరుగా బడికి వెళ్లింది. పిల్లలు వెళ్లిపోయారు. ఐఖొల్ట్స్ పంతులు పలకలు దొంతరపెడుతున్నాడు.

"పంతులుగారూ, ఆ ప్రమాణం చట్టం మన జర్మన్ భాషలో అచ్చేసింది మీ దగ్గరుంది కదా. చదివి వినిపిస్తారా?"

"ఇప్పుడా? ఎందుకమ్మా?"

"ఎవరు చెయ్యాలో ఆ ముక్క ఒక్కటి చాలు."

ఆయన కాగితం వెతికి తీసి, కిటికీ వెలుగులోకి ఒగ్గాడు. పద్దెనిమిదేళ్లు పైబడిన తెల్లజాతి మగవాళ్లంతా అని ఉంది.

"ఆడవాళ్ల సంగతి?"

"ఏమీ లేదు. ఎందుకుంటుంది? మీకు ఓటు లేదు, తుపాకీ లేదు, సాక్షి సంతకం లేదు. ప్రమాణంతో మీకేం పని?"

"పందులున్నాయి కదండీ" అంది సిబిల్లా. "ఉప్పు పట్టించేది మేమే."

పంతులు ఆమెని కళ్లజోడు పైనుంచి చూశాడు. జాబితా పక్కనే ఉంది. రేపటి పదకొండు పేర్లమీదా మెల్లగా వేలు పోనిచ్చి ఒకచోట ఆపాడు. పేటర్ ట్రాక్సెల్. ఇద్దరూ ఆ పేరు వైపు చూశారు. బతికున్న మగవాడు లేని ఇల్లు. పంతులు కాగితం మడిచేశాడు.

దారంతా ఆ పేరు సిబిల్లాని వదల్లేదు. ఆ ఒక్కటి అంటే మాథెస్ దగ్గర జవాబుండదు. కానీ కొడుకుని పోగొట్టుకున్న మనిషి పేరు ఎత్తి, నీ ఇంటికీ హక్కు లేదు చూడు అని పదిమందిలో ఎలా అంటుంది? రేపు తన ఇంట్లో అలాంటి కబురొస్తే? ఆమె తల విదిలించుకుంది. అనను. అనేదేదో నా గురించే అంటాను.

*

శుక్రవారం పొద్దున్న ఎండ చురుక్కుమంటోంది. పదకొండిళ్ల ఆడవాళ్లతో పాటు ఇంకా చాలామంది చేరారు, ఊరికే చూడటానికి. వాళ్ల వెనక ఫ్రోనీ కూడా గోనెసంచి పట్టుకుని నిలబడింది. తల్లి రానంటే సిబిల్లా ఆ పిల్లని రమ్మంది. ఎందుకు రమ్మందో చెప్పలేదు. చెప్పడానికి, ఏమవుతుందో ఆమెకే తెలీదు.

"మాథెస్ హౌక్ ఇల్లు" అని చదివాడు పంతులు.

సిబిల్లా కుంచం బల్ల మీద పెట్టింది. చేతులు దులుపుకుని, చుట్టూ తిరిగొచ్చి, బల్లకి ఈవల, ఆడవాళ్లు నిలబడేచోట నిలబడింది.

"ఇదేంటి?" అన్నాడు మాథెస్.

"నా సంచి తెచ్చుకున్నాను. ఇచ్చేముందు ఒకటి చెప్పు. నేను ప్రమాణం చెయ్యలేదు."

"సిబిల్లా." పళ్ల మధ్యనుంచి వచ్చింది ఆ పేరు. "నేను చేశాను కదా."

"నువ్వు చేస్తే నేను చేసినట్టని ఎక్కడుంది? పంతులుగారు చదివారు నిన్న, చట్టంలో మగవాళ్లన్న మాటే ఉంది. ఇక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరమూ చెయ్యలేదు. మమ్మల్నెవరూ అడగలేదు. అప్పొలోనియానీ అడగలేదు. అడగనిదానికి ఆవిడ కాదన్నట్టు ఎలా అవుతుంది?"

జనంలో గుసగుసలు లేచాయి. మాథెస్ మెడ ఎర్రబడింది. అతను బల్ల మీద చెయ్యి ఆనించి లేచాడు.

"చెబుతున్నా, అందరూ వినండి. ఇంట్లో ప్రమాణం చేసిన మగవాడు ఒకడుండాలి. ఉంటే ఆ ఇంటికి ఉప్పు. లేకపోతే లేదు. అర్థమైందా? పంతులుగారూ, తర్వాతి పేరు చదవండి."

పంతులు కాగితం వైపు చూశాడు. చదవలేదు.

"చదవండి!"

"పేటర్ ట్రాక్సెల్ ఇల్లు" అన్నాడాయన నేలకి చెబుతున్నట్టు.

ఒట్టిలియా కదల్లేదు. ఖాళీ సంచి రెండు చేతులతో పొట్టకి అదుముకుని ఉంది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ వచ్చి సిబిల్లా పక్కన నిలబడింది.

"ఇప్పుడన్నది ఇంకోసారి అను మాథెస్."

"ఒట్టిలియా, నిన్ను కాదు నేను..."

"ఇంట్లో ఎవరుండాలన్నావు?"

అతను పంతులు చేతిలోని కాగితం వైపు తిరిగాడు.

"పేటర్ చేశాడు ప్రమాణం. చేసి వెళ్లాడు, పోయాడు. ఇప్పుడు నా ఇంట్లో నేనూ, నా కోడలూ, పాలు తాగే పిల్లా ఉన్నాం. మాలో ఎవరు చేశారు? వాడి పేరు ఇంకా చదువుతున్నారు, వాడేదో పొలానికి వెళ్లినట్టు."

"నీ సంగతి వేరు" అన్నాడు మాథెస్. "నీ కొడుకు ప్రాణమిచ్చాడు. మేమెవరమూ మర్చిపోలేదు."

"అయితే ఇది వాడి ప్రాణానికిస్తున్నావన్నమాట." ఆమె కుంచం వైపు చూసింది. "ఇంతా?"

మాథెస్ కూర్చోబోయి, కూర్చోలేక, అలాగే వంగి నిలబడిపోయాడు. సిబిల్లా ఒట్టిలియా మోచెయ్యి పట్టుకోబోయింది. ఒట్టిలియా విదిలించుకుంది.

"నువ్వు ముట్టుకోకు. ఆ లాండెస్ ఆవిడ కోసం అనలేదు నేను. ఆవిడ మొహం ఇప్పటికీ చూడలేను. నా బిడ్డ పేరు ఆ కాగితంలోంచి తీసెయ్యండి. అంతే. ఇచ్చేదైతే ఒట్టిలియా ట్రాక్సెల్ అని రాసి ఇవ్వండి. లేకపోతే మానండి."

వెనకనుంచి ఎవరో ముసలమ్మ, "మా ఆయన రెండుసార్లు చేశాడు ప్రమాణం. తాగి ఒకసారి, దిగాక ఒకసారి. నాకు రెండు కుంచాలివ్వాలి మరి" అంది. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. కానీ బిగుసుకున్నదేదో కొంచెం సడలింది.

మాథెస్ పంతులు చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆరబోసిన ఉప్పు వైపు చూశాడు. పెదాలు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు.

"కుంచం నిండా కాదు, అరకుంచం చొప్పున కొలువు" అన్నాడు సిబిల్లాతో, మొహం చూడకుండా. "అప్పుడు ఇవాళ్టి పదకొండుకీ, ఆ ఆరింటికీ సరిపోతుంది. పంతులుగారూ, పందులు కోసిన ఇళ్లు అని రాయండి. ఉప్పు ఎవరొచ్చి తీసుకుంటే వాళ్ల పేరు రాయండి."

"కమిటీ ఒప్పుకోవాలి కదా" అన్నాడు పంతులు.

"కమిటీతో నేను మాట్లాడతాను."

పంతులు కలం ముంచి మొదటి పేరు రాశాడు. ఒట్టిలియా సంచి అందించింది, నిండాక భుజాన వేసుకుంది, ఫ్రోనీ పక్కనుంచే వెళ్తూ ఆ పిల్లవైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. నిన్న నిండు కుంచం పట్టుకెళ్లినవాళ్లలో ఒకామె, "మాకు ముందే దక్కింది, నయం" అని గొణిగింది. ఇంకొకామె మొహం చిట్లించుకుని, "ఇదేం న్యాయం?" అంది. సిబిల్లా అన్నీ విన్నది. కొలుస్తూనే ఉంది.

*

ఉప్పు లాండెస్ వాళ్ల కొట్టం చేరేసరికి పొద్దు నెత్తిమీదికొచ్చింది. అప్పొలోనియా అప్పటికే ఎముక పుల్లతో ఆరు తొడల్నీ చూసేసింది. జాడీ ఉప్పు పట్టించింది బాగుంది. మిగిలిన వాటిలో రెండింటిని పక్కన పెట్టింది. సిబిల్లా పుల్ల అందుకుని వాసన చూసింది. వెంటనే మొహం తిప్పుకుంది.

"నిన్న ఇచ్చి ఉంటే..." అంది.

"ఊఁ" అంది అప్పొలోనియా. ఫ్రోనీ ఆ రెండు తొడల్నీ సంచిలో చుట్టి, కుక్కలు తవ్వకుండా లోతుగా పాతడానికి తీసుకెళ్లింది. ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ ఏడుస్తోంది. ఆరు వారాల తిండి అది.

ఇద్దరూ చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి పనిలో దిగారు. ముందు కీలు దగ్గర, ఎముక చుట్టూ, బొటనవేలితో లోపలిదాకా ఉప్పు కూరాలి. తర్వాత కోసినవైపు, ఆఖరికి తోలువైపు. అరకుంచం ఉప్పు మూడు పందులకి రాదు. ఎక్కడ వదిలెయ్యొచ్చో, ఎక్కడ తగ్గించకూడదో ఆలోచించి ఆలోచించి పట్టించారు. సిబిల్లా చేతిమీద పాత గాటు ఒకటి పగిలి ఉప్పుకి భగ్గుమంది. పక్కమాంసం ముక్కల్ని తొట్లో దొంతరపెట్టారు. బాణలిలో కాచిన మురికి ఉప్పు కూడా పైన చల్లారు.

"ఒట్టిలియా అంతమాటందట" అంది అప్పొలోనియా ఆఖర్న. "ఆవిడ దగ్గరికి వెళ్లనా?"

"ఇప్పుడొద్దు."

"ఎప్పుడు?"

సిబిల్లా చేతులకంటిన ఉప్పుని తొట్లోకే దులిపింది.

ఆమె ఇల్లు చేరేసరికి చీకటి పడబోతోంది. గాలి మారింది, ఉత్తరం నుంచి వస్తోంది, రెండు రోజులు ఆలస్యంగా. మాథెస్ దీపం వెలిగించకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, రొట్టె, పుల్లటి క్యాబేజీ పెట్టింది. అతను కొంచెం తిన్నాడు.

"ఇద్దరు వచ్చి వెళ్లారు" అన్నాడు. "సోమవారం నన్ను పిలుస్తారట. పెద్దరికం తీసేస్తారేమో."

"తీసేస్తే?"

"పీపాలున్నాయిగా." కాసేపు వేళ్లతో బల్లమీద పలక అతుకులు తడుముతూ ఉండిపోయాడు. "పదిమందిలో నా మొహం మీద అన్నావు. ఇంట్లో అనొచ్చు కదా."

"ఇంట్లో అన్నాను. తినమన్నావు."

అతను కాదనలేదు. దీపం వెలిగించాడు. ఆ వెలుగులో ఆమె యోస్ట్ మేజోడు అల్లిక తీసి, మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టుకుంది. అతను చాలాసేపు ఆమె చేతులవైపే చూస్తూ ఉన్నాడు.

"నిజంగా అడుగుతున్నాను, చెప్పు" అన్నాడు. "జులైలో మేం నిన్ను అడిగి ఉంటే చేసేదానివా ప్రమాణం?"

సిబిల్లా వెంటనే అంది. "పరిగెత్తుకొచ్చి చేసేదాన్ని. నా కొడుకుని పంపలేదూ?"

"ఇప్పుడు అడిగితే?"

ఆమె సూది ఆపింది.

"ఇప్పుడైతే," అంది, "ముందు ఆ కాగితం మొత్తం చదివి వినిపించమంటాను."